ఒక గ్రాము మనిషి

సోమవారం. ఇంకా ఇరవై నాలుగు రోజులు.

తాతయ్యకి నమస్కారాలు,

నువ్వు బాగున్నావా, అమ్మమ్మ బాగుందా, నేను బాగాలేను. ఫోన్ చేద్దామంటే నీకు వినపడదు. అమ్మమ్మకి వినపడుతుంది కానీ వినదు, మొత్తం తనే మాట్లాడి పెట్టేస్తుంది. అందుకే ఉత్తరం.

పని చెప్తాను, నవ్వకుండా చదువు. మా మ్యూజియంలో కొత్త గది తెరుస్తున్నాం. దాని పేరు 'ఈ భూమి ఎవరిది?' భూమ్మీద బతికే వాటిలో ఎవరి బరువెంతో, ఎవరిది పైచెయ్యో చూపించాలి. ఆ గది మొత్తం నా నెత్తిన పెట్టారు. నా ఉద్యోగం ఆరు నెలల పరీక్ష మీద ఉందని నీకు తెలుసుగా. గది తెరిచే రోజుకే ఆ ఆరు నెలలూ నిండుతాయి. గది నచ్చితే ఉంచుతారు, నచ్చకపోతే ఇంటికి పంపిస్తారు.

గోడకి పెట్టే రాతలు నాలుగుసార్లు రాశాను. మా పెద్ద మేడం నాలుగుసార్లూ ఎర్ర పెన్నుతో కొట్టేసింది. "ఇది చదివితే తెలిసినవాళ్ళకి మళ్ళీ తెలుస్తుంది, తెలియనివాళ్ళకి ఎప్పటికీ తెలియదు" అని పక్కన రాసింది కూడా.

గది నడిమధ్యలో ఒక పెద్ద తక్కెడ పెడదామనుకున్నాను. యాభై ఏళ్ళు తక్కెళ్ళు చేసిన మేస్త్రి ఇంట్లోనే ఉండగా బయటివాళ్ళని అడగడం దేనికని నీకు రాస్తున్నాను. ఒక పళ్ళెంలో మనిషి ఉండాలి. రెండో పళ్ళెంలో మిగతావాళ్ళు ఒకరి తర్వాత ఒకరు ఎక్కి దిగాలి. ఇత్తడి ముక్కలు చేసి, వాటి మీద పేర్లు చెక్కితే చాలు. లెక్కలు కట్టినవాళ్ళు చెప్పేది కొంచెం అటూ ఇటూగా ఇదీ: భూమ్మీద మనుషులందరూ కలిపి ఒక గ్రాము అనుకుంటే, మనం పెంచుకునే ఆవులూ గేదెలూ గొర్రెలూ పందులూ ఆ జాతంతా గ్రామున్నర పైన. ఏనుగుల దగ్గర్నించి తిమింగలాల దాకా మనం పెంచని, పిల్లలకి పాలిచ్చే జంతువులు గ్రాములో పదో వంతు. చీమలూ ఈగలూ సాలీళ్ళూ రొయ్యలూ పదిహేడు గ్రాములు. బూజులూ పుట్టగొడుగులూ రెండు వందలు. బాక్టీరియా కిలో నూట డెబ్బై. చెట్లూ మొక్కలూ ఏడున్నర కిలోలు.

చేసిపెడతావు కదూ?

నీ మనవరాలు
(గోళ్ళు అయిపోయాయి, వేళ్ళు కొరుక్కుంటున్నాను)

తా.క. అమ్మకి చెప్పకు. చెప్తే బస్సెక్కి వచ్చేస్తుంది.



ఏ వారమో మీ అమ్మమ్మనడగాలి, అడిగితే పని చెప్తుంది.

దిగులమ్మకి తాతయ్య దీవెనలు,

నీ ఉత్తరం అందింది. మీ అమ్మమ్మ పైకి చదివింది. వీధి వీధంతా విన్నది, నాకూ కొంచెం వినపడింది. ఆ తర్వాత నేనే కళ్ళజోడు పెట్టుకుని, మీసం దువ్వుకుని మళ్ళీ చదివాను. నేను చదివింది నాలుగో తరగతి. అది కూడా మూడో తరగతిలో మూడేళ్ళు కూర్చుంటే, బల్ల ఖాళీ చెయ్యడానికి పైకి పంపారు. అయినా తూకం లెక్క నాకు నోటికొస్తుంది.

పని మొదలుపెట్టేశాను. కాడ టేకుది, పళ్ళేలు రాగివి, గొలుసులు కొత్తవి. మధ్యలో ముల్లు మాత్రం నేను చేసిన మొట్టమొదటి తక్కెడది. ధడా కూడా కట్టేశాను. చిన్నప్పుడు నా కొట్టులో కూర్చుని నువ్వు చేసిన పని అదే కదా, సరుకు ఎక్కించకముందు ఖాళీ పళ్ళేలు రెండూ సమానంగా నిలబడేదాకా గవ్వలు వేస్తూ తీస్తూ ఉండేదానివి.

ఒక మాట. కంగారులో నీ లెక్క తప్పింది. మనిషి ఒక గ్రాము అని రాశావు. మీ అమ్మమ్మ ఒక్కతే డెబ్భై కిలోలు. (ఈ ముక్క రాసేటప్పుడు తను నా వెనకే నిలబడి ఉందని తెలియలేదు. ఇప్పుడు తెలిసింది.) నీ ఉద్యోగం పోకూడదని నేనే దిద్దేశాను. మనిషికి పది కిలోలు ఇచ్చాను. చెట్లకంటే పైన ఉంటే మర్యాదగా ఉంటుంది. ఎంతైనా టిక్కెట్టు తీసుకుని లోపలికొచ్చేది మనిషే కానీ చెట్టు కాదుగా. పది కిలోల ముక్క పొద్దున్నే పోత పోయించాను. అద్దంలా మెరుస్తోంది. మీ అమ్మమ్మ దానిలో చూసుకుని తన మోకాళ్ళ దాకా జడని ముందుకి వేసుకుని, వెనక్కి వేసుకుని, అరగంట పని చెడగొట్టింది.

నువ్వేం దిగులు పడకు. నా చేతిలో పడ్డ పొరపాటు గుమ్మం దాటదు.

నీ తాతయ్య
(తక్కెళ్ళ మేస్త్రి, మూడో తరగతి మూడుసార్లు)

తా.క. మీ అమ్మకి నేను చెప్పలేదు. మీ అమ్మమ్మ చెప్పింది.



ఇంకా పద్దెనిమిది రోజులు!

తాతయ్యా నమస్కారం,

కరిగించెయ్. ఆ పది కిలోల మనిషిని ఇప్పుడే కరిగించెయ్. ఈ ఉత్తరం పక్కన పెట్టి, కరిగించి వచ్చి, మిగతాది చదువు.

కరిగించావా? సరే. నేను తప్పు రాయలేదు. మనిషి ఒక్క గ్రామే. నువ్వు అమ్మమ్మని తూస్తున్నావు, నేను భూమిని తూస్తున్నాను. మనుషులందరినీ ఒక మూట కట్టి, చెట్లన్నిటినీ ఒక మూట కట్టి చూస్తే, మన మూట ఒకటైతే వాళ్ళ మూట ఏడున్నర వేలు. అందులోనూ నీళ్ళు లెక్కలోకి రావు. ఒక్కో ప్రాణీ ఒక్కోలా నీళ్ళు పట్టి ఉంటుంది కనక నీళ్ళు తీసేసి, ఒంట్లో ఉన్న బొగ్గు సరుకు, అంటే కార్బన్ మాత్రమే తూస్తారు. నీ మాటల్లో చెప్పాలంటే నీళ్ళు ధడా.

చెట్టు ఏం చేస్తుందని అడుగుతావు. నిలబడుతుంది, అంతే. నిలబడి ఎండ తింటుంది. అయినా ప్రాణమున్న సరుకులో పదింట ఎనిమిది వంతులు పచ్చనివే. తర్వాతి వంతు బాక్టీరియాది. అవి కంటికి కనపడవు. నేల లోపల మైళ్ళ లోతున ఉంటాయి, సముద్రం అడుగున ఉంటాయి, మన పేగుల్లో ఉంటాయి. నీ ఒంట్లో నీ కణాలు ఎన్నున్నాయో, అవీ ఇంచుమించు అన్ని. ఈ ఉత్తరం నువ్వొక్కడివే చదువుతున్నావనుకోకు, నీతో కలిసి కోట్లమంది కూర్చున్నారు.

ఇదంతా మా పెద్ద మేడంకి చెప్తే "ఊఁ" అంటుంది. రోజుకి మూడుసార్లు నా బల్ల దగ్గర ఆగుతుంది. జుట్టు సర్దుకుని వెళ్ళిపోతుంది. ఆ జుట్టు ఒక్క వెంట్రుక కూడా కదలదు తాతయ్యా, గాలికి కూడా ఆవిడంటే భయం. మనుషులంతా కలిపి ఒక గ్రామేనని లెక్క మీద సంతకం పెట్టిందీ తనే, ఆ గ్రాములో ముప్పావు తనే అన్నట్టు నడిచేదీ తనే.

ఇత్తడి ముక్క. ఒక గ్రాము. మనిషి. దయచేసి.

నీ మనవరాలు
(నిద్ర పట్టడం లేదు)

తా.క. అమ్మ బస్సెక్కి వచ్చింది. మూడు రోజుల నుంచి నా గదిలో ఉండి "కంగారు పడకు" అని గంటకోసారి కంగారు పెడుతోంది.



ఎండ బాగా కాసిన రోజు

దిగులమ్మకి, మీ అమ్మ ఇంకా అక్కడే ఉంటే మీ అమ్మకి, తాతయ్య దీవెనలు,

నీ ఉత్తరం చదివిన దగ్గర్నించి నేను ఒంటరివాణ్ణి కాదు. మీ అమ్మమ్మని పిలిచి చెప్పాను. "పెళ్ళయిన కొత్తలో నన్ను 'మీరు' అనేదానివి. తర్వాత మెల్లగా 'నువ్వు'లోకి దిగావు. ఇక కుదరదు. లోపల కోట్లమందిమి ఉన్నాం, మళ్ళీ 'మీరు' అనాల్సిందే" అన్నాను. "అయితే ఆ కోట్లమందిలో ఒక్కడినైనా లేచి ఆ కారే కుళాయి బాగుచెయ్యమను" అంది. వాళ్ళెవరూ లేవలేదు. నేనూ లేవలేదు. ఐకమత్యం ఉండాలి కదా.

పది కిలోల మనిషిని కరిగించాను. కరిగిస్తుంటే అంచు గీరుకుని బొటనవేలు తెగింది. రెండు రోజులకి వంకాయంత అయింది. డాక్టరమ్మ చూసి మాత్రలిచ్చింది, ఐదు రోజులు వేసుకోమంది. ఏం చేస్తాయమ్మా ఇవి అనడిగితే "బాక్టీరియాని చంపుతాయి" అంది. నేను మాత్రలు జేబులో వేసుకుని వచ్చేశాను. వేసుకోవడం లేదు. నువ్వే చెప్పు, భూమ్మీద కిలో పైచిలుకు ఉన్నవాళ్ళని, గ్రాములో లేశం కూడా లేని నేను చంపడమేంటి? పైగా నా ఒంట్లో సగం వాళ్ళేనని రాశావు. ఒక పక్క సగం తీసేస్తే ధడా తప్పదా? ఒంటిపక్కకి వాలిపోయి నడవాల్సి వస్తుంది.

ఇంకో సంగతి. ఇత్తడి ముక్కల గురించి బాగా ఆలోచించాను. మా పనిలో ఒక కట్టుబాటుంది. పళ్ళెంలో ఏ సరుకు పేరు చెప్తామో ఆ సరుకే ఉండాలి. ఇత్తడి మీద చెట్టు అని చెక్కితే అది చెట్టయిపోతుందా? యాభై ఏళ్ళలో ఒక్క దొంగతూకం నా చేతి మీదుగా పోలేదు, ఇప్పుడు మనవరాలి కోసం మొదలుపెట్టను. అసలు సరుకే పంపిస్తాను. ఏర్పాట్లు నడుస్తున్నాయి.

నీ తాతయ్య మరియు కోట్లాదిమంది

తా.క. గ్రాముకి ఎన్ని చీమలు తూగుతాయో నీకు తెలుసా? నాకిప్పుడు తెలుసు. కానీ తూకంలో నిలబడరు వెధవలు.



ఇంకా పదకొండు రోజులు!!

తాతయ్యా,

నమస్కారం తర్వాత పెడతాను. ముందు మాత్ర వేసుకో.

నువ్వు వేళాకోళమాడుతున్నావో నిజంగానే మానేశావో నాకు తెలియడం లేదు, అదే నా భయం. బాక్టీరియా అంటే అందరూ ఒకటి కాదు. నీ పేగుల్లో ఉన్నవాళ్ళు ఏళ్ళ తరబడి నీతో కాపురం చేస్తున్నవాళ్ళు, నువ్వు తిన్నది అరగదీసి పెడతారు. బొటనవేల్లో దూరినవాళ్ళు కిటికీ విరగ్గొట్టుకుని వచ్చిన దొంగలు. మాత్ర వేసుకుంటే దొంగలతోపాటు మనవాళ్ళూ కొంతమంది పోతారు, నిజమే. మళ్ళీ పుడతారు. వాళ్ళలో కొందరు ఇరవై నిమిషాలకి రెట్టింపవుతారు. బొటనవేలు మళ్ళీ పుట్టదు.

వాళ్ళు భూమిని ఏలుతున్నారంటే కుర్చీ వేసుకుని కూర్చున్నారని కాదు. వాళ్ళు లేకపోతే ఏదీ కుళ్ళదు, ఏదీ మట్టిలో కలవదు, కలవకపోతే చెట్టుకి తిండి లేదు, చెట్టు లేకపోతే మనం లేం. మనం లేకపోతే మాత్రం వాళ్ళకి ఏమీ అవ్వదు. మనం పోయామన్న సంగతి కూడా వాళ్ళకి తెలియదు. ఏలడమంటే అదీ. నువ్వు మాత్ర వేసుకున్నంత మాత్రాన వాళ్ళ రాజ్యానికి వచ్చే లోటేం లేదు. వేసుకో. (రెండో కాగితం చూడు.)

రెండో కాగితం. అసలు సరుకు వద్దు! చీమలు వద్దు! ఇత్తడి ముక్కలు మాత్రమే పంపు. ఇది మ్యూజియం, కిరాణా కొట్టు కాదు.

పెద్ద మేడం ఈ రోజు ఐదోసారి నా రాతలు కొట్టేసింది. నీకు రాస్తుంటే మాటలు వాటంతటవే వస్తాయి. అక్కడ పెన్ను పట్టుకోగానే ఆ ఎర్ర గీత కళ్ళ ముందుకొచ్చి చెయ్యి బిగుసుకుపోతుంది. ఆవిడని ఒక గాజు సీసాలో పెట్టి 'అంతరించిపోతే బాగుండే జాతి' అని చీటీ అతికించాలనుంది.

నీ మనవరాలు

తా.క. ఈ రెండో కాగితం చదవగానే చించెయ్.



మబ్బు పట్టింది, వాన పడలేదు

దిగులమ్మకి దీవెనలు,

పెట్టె వెళ్ళిపోయింది! మూత బిగిస్తుంటే నీ ఉత్తరం వచ్చింది. మొదటి కాగితం గుమ్మంలో నిలబడి చదివాను. 'బొటనవేలు మళ్ళీ పుట్టదు' అన్న దగ్గర నాకు చెమటపట్టి, అక్కడే మాత్ర వేసుకున్నాను. రెండో కాగితం తిప్పేలోపు బండాయన తొందర పెట్టాడు. అందులో ఏముందో మళ్ళీ రాయి.

సరుకు వివరాలు. చెట్లకి మన పాత గుమ్మం చెక్క, ఏడున్నర కిలోలు, రంపంతో కోసి సరిచూశాను. బాక్టీరియాకి జాడీ నిండా పెరుగు. అందులో పాలెన్నో వాళ్ళెందరో విడదియ్యడం నా వల్ల కాలేదు. దారిలో నాలుగు రోజులు పడుతుందట, ఈలోగా పాలు తగ్గి వాళ్ళు పెరుగుతారు, మంచిదే. పుట్టగొడుగులు రెండు వందలు. చీమలు వారం రోజుల కష్టం, పంచదార వేసి డబ్బాలో పెట్టాను. పెంపుడు పశువులకి తోలు ముక్క. ఏనుగులకీ తిమింగలాలకీ పెరట్లో ఉడుత రాల్చిన బొచ్చు.

మనిషి దగ్గరే ఇబ్బంది వచ్చింది. ఒక గ్రాము మనిషిని ఎక్కడ తెచ్చేది? నా గోళ్ళు, మీ అమ్మమ్మ గోళ్ళు, పక్కింటివాళ్ళని బతిమాలి నలుగురి గోళ్ళు కలిపినా పావు గ్రామే తూగింది. నువ్వు నీవి కొరికి తినెయ్యకుండా ఉంటే సరిపోయేది. మిగతా ముప్పావుకి మీ అమ్మమ్మ జడ కొస ఇమ్మన్నాను. అబ్బో, ఎంత గొడవ! "ఇంత జడ పెట్టుకుని వేలెడు కొస ఇవ్వడానికి ఏడుస్తావేంటి?" అన్నాను. "నా జడ జోలికి రావద్దు" అంది. నీ ఉద్యోగం సంగతి చెప్పాక, గదిలోకి వెళ్ళి తలుపేసుకుని, కత్తిరించి కాగితంలో చుట్టి తెచ్చి ఇచ్చింది. కళ్ళల్లో నీళ్ళు. అంత పుల్లలాంటి కొసకి అంత ఏడుపు నేనెక్కడా చూడలేదు.

చివరిగా ఒక ముఖ్యమైన సంగతి. తక్కెడ పంపితే పళ్ళెం కింద పరీక్ష చీటీ పెట్టడం మా పనిలో ఆచారం. ఏం తూచాం, ఎలా తూచాం, ఎవరిచ్చిన లెక్క అని అందులో ఉంటుంది. విప్పినవాళ్ళు ముందు అది చదవాలి. నా రాత నాకే సరిగ్గా తెలియదు. నువ్వేమో అన్నీ విడమరిచి రాశావు. అందుకని నీ మూడు ఉత్తరాలూ, ఇప్పుడొచ్చినదాంతో సహా, దొంతి కట్టి పళ్ళెం కింద పెట్టాను. పైన పెద్ద పెద్ద అక్షరాలతో 'విప్పినవారు తప్పక చదవగలరు' అని రాశాను.

నీ తాతయ్య
(బొటనవేలు వంకాయ నుంచి బెండకాయకి దిగింది)

తా.క. పెట్టె మీద మీ పెద్ద మేడం పేరే రాశాను. పెద్దవాళ్ళ పేరుంటే బండివాళ్ళు జాగ్రత్తగా దించుతారు.



ఇంకా నాలుగు రోజులు

తాతయ్యా,

రెండో కాగితంలో ఏముందా? నా ఉద్యోగం ఉంది.

ఆవిడని సీసాలో పెట్టాలని ఉంది. చించెయ్ అని ఉంది. దానికి ముందరి ఉత్తరంలో ఆవిడ జుట్టు ఉంది, నడక ఉంది. ఇవన్నీ ఆవిడ పేరు రాసిన పెట్టెలో, 'తప్పక చదవగలరు' కింద ఉన్నాయి.

పెట్టె నిన్న వచ్చింది. సామాన్ల గదిలో ఉంది. తాళం ఆవిడ దగ్గర. "నా పేరున వచ్చింది, నేనే విప్పుతాను, మధ్యాహ్నం మూడింటికి" అని కబురు చేసింది. ఇప్పుడు రెండున్నర. పెరుగు వాసన మెట్ల దాకా వచ్చింది. తలుపు కింద సందులోంచి ఉత్తరాలు లాగొచ్చేమోనని స్కేలు పట్టుకుని వెళ్ళాను. స్కేలు లోపలే ఉండిపోయింది.

నా మీద నీకు కోపముంటే చిన్నప్పుడే చెప్పాల్సింది.

నీ మనవరాలు
(ఇంకో అరగంట ఈ మ్యూజియం ఉద్యోగి)

తా.క. ఇది రాస్తుంటే నా బల్ల మీద ఒక చీమ నడుస్తోంది. మన చీమేనా?



ఆదివారం. రోజులు లెక్కపెట్టడం మానేశాను.

తాతయ్యకి, అమ్మమ్మకి నమస్కారాలు,

గది తెరిచాం. నేను బతికే ఉన్నాను. వరసగా చెప్తాను.

మూత లేపగానే ముందు పెరుగు పలకరించింది. వాచ్‌మన్ రెండడుగులు వెనక్కి వేశాడు, పెద్ద మేడం వెయ్యలేదు. చీమల డబ్బా మూత దారిలోనే ఊడింది. పదిహేడు గ్రాములుండాలి, లోపల రెండు గ్రాములైనా లేవు. మిగతావాళ్ళు చెక్కలో ఉన్నారు, పుట్టగొడుగుల్లో ఉన్నారు, కాసేపటికి ఆవిడ చేతి మీద ఉన్నారు. ఆవిడ విదిలించకుండా పళ్ళెం ఎత్తింది. కింద నా దొంతి.

మొదటి ఉత్తరం నిలబడి చదివింది. రెండోది కూర్చుని చదివింది. మూడోదాంట్లో రెండో కాగితం దగ్గరికొచ్చేసరికి ఆగి, నా వైపు చూసి, జుట్టు సర్దుకుంది. తర్వాత ఉత్తరాలు, మనిషి పొట్లం, ఒక భూతద్దం పట్టుకుని తన గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. గంటంపావు. ఈలోగా నేను బల్ల సర్దేశాను. కప్పు, శాలువా, నువ్విచ్చిన బుల్లి తక్కెడ సంచీలో పెట్టుకుని నిలబడ్డాను.

బయటికొచ్చేసరికి ఆవిడ కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఆ సంచీ ఏంటి?" అంది.

"వెళ్ళిపోతున్నానండీ."

"రాతలు గోడకెక్కకుండా ఎక్కడికి?"

"ఏ రాతలండీ? ఐదుసార్లూ కొట్టేశారుగా."

"ఇవి" అని నా ఉత్తరాలు బల్ల మీద పెట్టింది. "'చెట్టు నిలబడి ఎండ తింటుంది.' 'మనం పోయామన్న సంగతి కూడా వాళ్ళకి తెలియదు.' ఇలా రాయడం వచ్చినదానివి, ఆర్నెల్లుగా నాకు ఆ రాళ్ళెందుకు వడ్డించావు?"

"మరి... ఆ రెండో కాగితం..."

"అది నా సొరుగులో ఉంటుంది. నువ్వు ఈ పని మానేస్తానన్న రోజు తీసి చూపిస్తాను."

అంతే తాతయ్యా. అంటే ఉంచుకుంటున్నట్టని నాకు అర్థమయ్యేసరికి ఆవిడ సగం మెట్లెక్కేసింది. నిన్న కాగితం మీద కూడా ఇచ్చింది. ఎర్ర పెన్నుతోనే సంతకం పెట్టింది.

గోడ నిండా నా ఉత్తరాలే. పెరుగు మాత్రం పారబోశాం, కడిగిన ఖాళీ జాడీ పెట్టి 'ఇప్పుడు కూడా ఇది ఖాళీగా లేదు' అని రాశాం. చీమల డబ్బా మీద 'ఇందులోవాళ్ళు పని మీద బయటికి వెళ్ళారు, భవనమంతా చూడండి' అని చీటీ పెట్టాం. చెక్క ఎక్కించగానే మనిషి పళ్ళెం ఎగిరి పైకి పోతుంది. జనం "అయ్యో" అంటారు. ఒకావిడ పళ్ళెంలోకి తొంగిచూసి "మనమంతా కలిపి ఇంతేనా" అంది. వెళ్ళేటప్పుడు గుమ్మం పక్కనున్న చెట్టుకి తనే తప్పుకుని దారిచ్చింది.

అమ్మమ్మకి చెప్పు, తన జడ చూడ్డానికి జనం వరస కట్టారని.

నీ మనవరాలు
(ఇప్పుడు అసలైన ఉద్యోగి)

తా.క. వెంట్రుకల మీద పరిశోధన చేసే పెద్దమనిషి ఒకాయన వచ్చే సోమవారం వస్తున్నాడు. మనిషి పళ్ళెంలో ఉన్నది దగ్గర్నించి పరీక్షగా చూడాలట. ఎందుకో మళ్ళీ గోళ్ళు కొరుక్కుంటున్నాను. ఏమీ లేదు కదా?



మంగళవారం. ఈసారి నేనే చూసి రాశాను, ఎందుకంటే పని తొందరది.

అసలైన ఉద్యోగికి తాతయ్య దీవెనలు,

ఈ కవరు విప్పేటప్పుడు తుమ్మకు. లోపల పొట్లం ఉంది.

నీ ఉత్తరం మీ అమ్మమ్మే పైకి చదివింది. ఉద్యోగం వచ్చిందన్న దగ్గర చప్పట్లు కొట్టింది. జనం జడ చూడ్డానికి వరస కట్టారన్న దగ్గర ఆగిపోయింది. పరిశోధన ఆయన వస్తున్నాడన్న దగ్గర కుర్చీలో కూలబడింది. తర్వాత లేచి గదిలోకి వెళ్ళి, జడ మొత్తం చేత్తో పట్టుకొచ్చి నా పని బల్ల మీద పెట్టింది. తల మీద వేలెడు పిలక ఉంది.

"ఇదేంటే?" అన్నాను.

"సవరం. గొర్రె ఉన్ని" అంది. "పెళ్ళయిన పదో ఏట జ్వరమొచ్చి జుట్టంతా ఊడిపోయింది. నీకు జడంటే ఇష్టమని అల్లించుకున్నాను. ఏటా రంగు వేసుకుంటున్నాను. ఇన్నాళ్ళూ ఎవరూ కనిపెట్టలేదు. నీ తక్కెడ వచ్చి నా కొంప ముంచింది."

గ్రాములో వందో వంతు తేడా ఉంటే కళ్ళు మూసుకుని పట్టేవాణ్ణి. నలభై ఏళ్ళు పక్కనే కూర్చున్న గొర్రెని పట్టుకోలేకపోయాను. లేచి వెళ్ళి కుళాయి బాగుచేశాను.

కానీ నా కట్టుబాటు సంగతేంటి? మనిషి అని పేరు చెప్పి నేను పంపింది పావు మనిషి, ముప్పావు గొర్రె. నువ్విచ్చిన లెక్కలోనే గొర్రెతో సహా పెంపుడు పశువులు మనకంటే బరువు కనక, మన పళ్ళెంలోకి కూడా వచ్చి కూర్చోవడం వాటికి న్యాయంగానే ఉండొచ్చు. నాకు మాత్రం యాభై ఏళ్ళలో ఇదే మొదటి దొంగతూకం. పైగా ఆ సోమవారం పెద్దమనిషి చూస్తే నీ ఉద్యోగం మళ్ళీ వేలాడుతుంది. అందుకని కవర్లో ముప్పావు గ్రాము అసలు సరుకు పంపిస్తున్నాను. నా మీసం. ధడా తీసేసి తూచాను. ఆదివారంలోగా మార్చెయ్.

నీ తాతయ్య
(పై పెదవికి చలేస్తోంది)

తా.క. మార్చేటప్పుడు మీ పెద్ద మేడంకి ఎలా చెప్పాలా అని దిగులు పడకు. పెట్టె విప్పిన రోజే నాకు ఆవిడ ఉత్తరం రాసింది, ఈ జడ బల్ల మీదకి వచ్చాకే నాకది అర్థమైంది. 'భూతద్దంలో చూడగానే గుర్తుపట్టాను. పదిహేనేళ్ళుగా రోజూ పొద్దున అద్దంలో నా తల మీద చూసుకునే సరుకే. తప్పని చెప్పాలంటే నాకెలా తెలుసో చెప్పాలి, అందుకని ఊరుకున్నాను. గాలికి కూడా నేనంటే భయమన్న ముక్క దగ్గర నవ్వలేక చచ్చాను. అమ్మాయికి మాత్రం చెప్పకండి' అని రాసింది. నేను చెప్పలేదు. తా.క. చెప్పింది.

మరో తా.క. మీసం తీసేసి ఇంట్లోకి వెళ్తే మీ అమ్మమ్మ తలెత్తి చూసి, పైట సర్దుకుని, "మీరెవరండీ, ఎవరు కావాలి మీకు?" అంది. నేను గుమ్మంలోనే నిలబడి, ఇంకో రెండుసార్లు అనిపించుకున్నాను.